డిగ్రీలో మెటబాలిజం ఎలా చదవాలి: తెల్లకాగితం, కార్బన్ల లెక్క, ఒక కాలిక్యులేటర్

బీఎస్సీ బయోకెమిస్ట్రీ కానీ, బీఫార్మసీ కానీ, ఎంబీబీఎస్ ఫస్టియర్ కానీ, మెటబాలిజం యూనిట్ రాగానే ఎక్కువమంది చేసేది ఒకటే. పది ఎంజైముల పేర్లు వరసగా రాసుకుని, మొదటి అక్షరాలతో ఓ కోడ్ కట్టి, బట్టీ పడతారు. ఇంటర్నల్స్ దాకా ఆ కోడ్ నిలబడుతుంది. సెమిస్టర్ చివర టీసీఏ (సిట్రిక్ ఆమ్ల చక్రం), బీటా ఆక్సిడేషన్ (కొవ్వు ఆమ్లాలను తెంచే దారి), యూరియా సైకిల్ అన్నీ ఒకేసారి మీద పడ్డాక ఏ డీహైడ్రోజినేజ్ ఏ పాత్‌వేదో తెలియకుండా కలిసిపోతుంది. పైగా "పైరువేట్ కైనేజ్ లోపిస్తే 2,3-బీపీజీ పెరుగుతుందా, తగ్గుతుందా?" లాంటి ప్రశ్నకు ఏ కోడ్‌లోనూ జవాబుండదు.

ఇక్కడ చెప్పేది వేరే దారి. ముందు గ్లైకాలిసిస్ (గ్లూకోజ్‌ను పైరువేట్‌గా మార్చే పది మెట్ల దారి) ఒక్కదాన్ని, ప్రతి మెట్టూ ఎందుకుందో చెప్పగలిగేంత లోతుగా చదవండి. అందులో పట్టుబడిన నాలుగైదు కెమిస్ట్రీ కిటుకులే మిగతా పాత్‌వేలలో మళ్లీ మళ్లీ ఎదురవుతాయి కాబట్టి వాటికి అంత సమయం పట్టదు.

ముందుగా రెండు సాయంత్రాల పని

ఇంటర్ ఆర్గానిక్ కెమిస్ట్రీలోంచి నాలుగు విషయాలు తిరగేయండి: ఆల్డిహైడ్, కీటోన్, కార్బాక్సిల్ గుంపులు చూడగానే గుర్తుపట్టడం, కార్బొనిల్‌కు పక్కనున్న కార్బన్ ఆల్ఫా, దాని పక్కది బీటా అని లెక్కపెట్టడం, ఆల్కహాల్ ఆక్సీకరణం చెందితే కీటోనో ఆల్డిహైడో అవుతుందని గుర్తుంచుకోవడం, ఆల్డాల్ చర్య. ఆల్డాల్‌ను బైపీసీ పిల్లలు ఎక్కువగా వదిలేస్తారు. మెటబాలిజంలో దాని అవసరం చాలా ఉంది.

తర్వాత నిర్మాణాలు. వందల అణువులు అక్కర్లేదు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ 6-ఫాస్ఫేట్, డీహెచ్‌ఏపీ (డైహైడ్రాక్సీఅసిటోన్ ఫాస్ఫేట్), గ్లిసరాల్డిహైడ్ 3-ఫాస్ఫేట్, 3-ఫాస్ఫోగ్లిసరేట్, పీఈపీ (ఫాస్ఫోఈనాల్ పైరువేట్), పైరువేట్, సిట్రేట్, ఆల్ఫా కీటోగ్లుటరేట్, సక్సినేట్, ఫ్యూమరేట్, మాలేట్, ఆక్సలోఅసిటేట్ చూడకుండా గీయగలిగితే సిలబస్‌లో సగం మీ చేతిలో ఉన్నట్టే. పైరువేట్‌లో కీటో గుంపు స్థానంలో అమైనో గుంపు పెడితే అలనీన్, ఆక్సలోఅసిటేట్‌లో పెడితే ఆస్పర్టేట్, ఆల్ఫా కీటోగ్లుటరేట్‌లో పెడితే గ్లుటమేట్. ట్రాన్సామినేషన్ పాఠం ఇక్కడే సగం అయిపోతుంది.

చక్కెరలను గొలుసు రూపంలోనే గీయండి. ఉంగరం రూపంలో గీస్తే కార్బొనిల్ కనిపించదు. అది కనిపించకపోతే కింద చెప్పబోయేది అర్థం కాదు.

గ్లైకాలిసిస్ కాగితం

ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి, పది మెట్లకు పది అడ్డగీతలు గీయండి. ప్రతి బాణం దగ్గర నాలుగు సంగతులు రాయాలి: ఎన్ని కార్బన్లు, ఫాస్ఫేట్ ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లింది, ఎలక్ట్రాన్లు ఎవరు తీసుకున్నారు, కణంలో ఈ చర్య వెనక్కి నడుస్తుందా లేదా. ఎంజైమ్ పేరు ఆఖరున రాయండి. మిగతా నాలుగూ సరిగ్గా రాస్తే చాలాసార్లు పేరు దానంతటదే వస్తుంది. ఏటీపీ ఫాస్ఫేట్ మార్పిడిలో ఉంటే కైనేజ్, అణువు లోపలే ఫాస్ఫేట్ చోటు మారితే మ్యూటేజ్, ఎలక్ట్రాన్లు పోతే డీహైడ్రోజినేజ్.

ఒక మెలిక మాత్రం ఉంది. కొన్ని ఎంజైములకు పేరు వెనక్కి నడిచే చర్యను బట్టి వచ్చింది. ఫాస్ఫోగ్లిసరేట్ కైనేజ్, పైరువేట్ కైనేజ్ రెండూ గ్లైకాలిసిస్‌లో ఏటీపీని తయారుచేస్తాయి, ఖర్చు చేయవు. టీసీఏలో సక్సినైల్ కోఏ సింథటేజ్ కూడా ఇంతే. పేరు చూసి "కైనేజ్ కదా, ఏటీపీ ఖర్చు" అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇప్పుడు రెండో మెట్టు దగ్గర ఆగండి. గ్లూకోజ్ 6-ఫాస్ఫేట్ ఫ్రక్టోజ్ 6-ఫాస్ఫేట్‌గా మారుతుంది. కార్బన్లు పెరగలేదు, తగ్గలేదు, శక్తి పుట్టలేదు. మరి ఈ మెట్టు ఎందుకు? జవాబు నాలుగో మెట్టులో ఉంది. ఆల్డొలేజ్ చేసేది ఆల్డాల్ చర్యను వెనక్కి నడపడం, అంటే కార్బొనిల్‌కు ఆల్ఫా, బీటా కార్బన్ల మధ్య బంధాన్ని తెంచడం. గ్లూకోజ్‌లో కార్బొనిల్ 1వ కార్బన్ మీద ఉంది. ఆల్ఫా 2, బీటా 3. అక్కడ తెగితే ఒక ముక్కలో రెండు కార్బన్లు, ఇంకో ముక్కలో నాలుగు. ఫ్రక్టోజ్‌లో కార్బొనిల్ 2వ కార్బన్ మీదకి వచ్చింది కాబట్టి ఆల్ఫా 3, బీటా 4. అక్కడ తెగితే మూడు, మూడు. రెండు ముక్కలూ ఒకదానికొకటి మారగలిగేవే, ఐదో మెట్టులో ట్రయోస్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్ చేసేది అదే. అందువల్ల ఇక్కడినుంచి రెండింటికీ ఒకే దారి సరిపోతుంది. ఈ ఒక్క సంగతి చేత్తో గీసి చూసుకున్నవాళ్లు 2, 4, 5 మెట్ల వరసను మర్చిపోవడం కష్టం.

ఐదో మెట్టు కింద ఎర్రపెన్నుతో గీత గీసి "ఇక్కడినుంచి అన్నీ రెండు" అని రాయండి. ఏటీపీ లెక్కలో తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

ఆరో మెట్టులో ఇంకో సాధారణ పొరపాటు ఉంది. 1,3-బిస్‌ఫాస్ఫోగ్లిసరేట్‌కు చేరే కొత్త ఫాస్ఫేట్ ఏటీపీ నుంచి రాదు, అకర్బన ఫాస్ఫేట్ నుంచి వస్తుంది. ఆల్డిహైడ్ ఆక్సీకరణంలో విడుదలయ్యే శక్తే దాన్ని అతికిస్తుంది. అలా ఉచితంగా వచ్చిన ఫాస్ఫేట్ల వల్లే చివర్లో ఖర్చు పెట్టిన రెండు ఏటీపీలకు బదులు నాలుగు చేతికొస్తాయి.

తొమ్మిదో మెట్టులో ఈనొలేజ్ ఒక నీటి అణువును తీసేస్తుంది. ఈ చర్యలో శక్తి మార్పు చాలా తక్కువ. అయినా ఆ తర్వాత మిగిలిన పీఈపీ నుంచి ఫాస్ఫేట్ విడిపోతే మోల్‌కు 61.9 కిలోజౌళ్లు వస్తాయి. ఏటీపీ నుంచి వచ్చేది 30.5. పైరువేట్ ఈనాల్ రూపంలో ఉండలేక కీటో రూపానికి తిరగడమే అంత శక్తికి కారణం. ఫాస్ఫేట్ ఉన్నంతసేపూ అది తిరగలేదు.

డెల్టా జీ: ఒక లెక్క పూర్తిగా చేయండి

డెల్టా జీ అంటే చర్యలో వచ్చే శక్తి మార్పు, అది మైనస్ అయితే చర్య ముందుకు నడుస్తుంది. ఆల్డొలేజ్ చర్యకు ప్రామాణిక విలువ, అంటే డెల్టా జీ నాట్ ప్రైమ్, మోల్‌కు ప్లస్ 23.8 కిలోజౌళ్లు. ఈ అంకె చూసి "ఈ చర్య ముందుకు జరగదు" అని రాసేస్తారు. కణంలో అది రోజంతా జరుగుతూనే ఉంటుంది. ప్రామాణిక విలువ అన్నీ 1 మోలార్ ఉన్నప్పటిది. కణంలో అంత గాఢత ఎప్పుడూ ఉండదు.

ఎర్రరక్తకణాల్లో కొలిచిన గాఢతలు తీసుకోండి: ఫ్రక్టోజ్ 1,6-బిస్‌ఫాస్ఫేట్ 31 మైక్రోమోలార్, డీహెచ్‌ఏపీ 138, గ్లిసరాల్డిహైడ్ 3-ఫాస్ఫేట్ 18.5. సూత్రం: డెల్టా జీ = డెల్టా జీ నాట్ ప్రైమ్ + ఆర్‌టీ × క్యూ సహజ సంవర్గమానం. 37 డిగ్రీల దగ్గర ఆర్‌టీ అంటే 8.314 × 310, అంటే 2577 జౌళ్లు, అదే 2.577 కిలోజౌళ్లు. క్యూ అంటే ఉత్పత్తుల గాఢతల లబ్ధాన్ని మొదటి పదార్థం గాఢతతో భాగించినది. దానికోసం అన్నింటినీ మోలార్‌లోకి మార్చాలి: 0.000138 × 0.0000185 ÷ 0.000031 = 0.0000824. దాని సహజ సంవర్గమానం మైనస్ 9.4. 2.577తో గుణిస్తే మైనస్ 24.2. ప్లస్ 23.8కి కలిపితే మైనస్ 0.4 కిలోజౌళ్లు. దాదాపు సమతాస్థితి. అందుకే గ్లూకోనియోజెనిసిస్‌లో (పైరువేట్ నుంచి తిరిగి గ్లూకోజ్ తయారుచేసే దారిలో) ఇదే ఎంజైమ్ వెనక్కి కూడా పనిచేస్తుంది.

ఇదే లెక్కను మిల్లీమోలార్‌లో వేస్తే ప్లస్ 17.4 వస్తుంది, మైక్రోమోలార్‌లో వేస్తే ప్లస్ 35.2. ఒక అణువు రెండుగా తెగే చర్యల్లో పైనా కిందా యూనిట్లు కొట్టేసుకోవు కాబట్టి ఈ తేడా. ఐసోమరేజ్ లాంటి ఒకటికి ఒకటి చర్యల్లో ఏ యూనిట్ వాడినా ఒకే జవాబు వస్తుంది. అక్కడ అలవాటుపడి ఇక్కడ దెబ్బతింటారు. ఇంకోటి, కాలిక్యులేటర్ మీద సహజ సంవర్గమానం బటన్‌కు బదులు పది ఆధారం ఉన్న బటన్ నొక్కడం. క్యూ పది రెట్లు మారితే డెల్టా జీ 37 డిగ్రీల దగ్గర 5.9 కిలోజౌళ్లు మారాలి. మీ లెక్కలో 2.6 మారుతుంటే తప్పు బటన్ నొక్కుతున్నారు.

హెక్సోకైనేజ్, పీఎఫ్‌కే-1 (ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్-1), పైరువేట్ కైనేజ్ ఈ మూడే సమతాస్థితికి దూరంగా ఉంటాయి. కాబట్టి గ్లూకోనియోజెనిసిస్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది ఆ మూడు చోట్ల పక్కదారులు మాత్రమే: పైరువేట్ కార్బాక్సిలేజ్, పీఈపీ కార్బాక్సికైనేజ్, ఫ్రక్టోజ్ 1,6-బిస్‌ఫాస్ఫటేజ్, గ్లూకోజ్ 6-ఫాస్ఫటేజ్. రెండు పైరువేట్‌ల నుంచి ఒక గ్లూకోజ్‌కు నాలుగు ఏటీపీ, రెండు జీటీపీ, రెండు ఎన్‌ఏడీహెచ్ ఖర్చు. ఆ పాఠానికి ఒక్క సాయంత్రం చాలు.

టీసీఏలోనూ కొవ్వులోనూ అవే కిటుకులు

సిట్రేట్ ఐసోసిట్రేట్ ఎందుకవుతుంది? సిట్రేట్‌లో ఓహెచ్ ఉన్న కార్బన్‌కు హైడ్రోజన్ లేదు, టర్షియరీ ఆల్కహాల్ కాబట్టి ఆక్సీకరణం కాదు. ఓహెచ్‌ను పక్క కార్బన్ మీదకి జరిపితే సెకండరీ అవుతుంది, ఆక్సీకరణం సాధ్యమవుతుంది. అప్పుడు వచ్చేది బీటా కీటో ఆమ్లం, దానినుంచి కార్బన్ డయాక్సైడ్ సులువుగా పోతుంది. ఆల్ఫా కీటో ఆమ్లాల నుంచి అంత సులువుగా పోదు. అందుకే పైరువేట్ దగ్గరా, ఆల్ఫా కీటోగ్లుటరేట్ దగ్గరా బి1 నుంచి వచ్చే టీపీపీ, లైపోయిక్ ఆమ్లం, కోఏ, ఎఫ్‌ఏడీ, ఎన్‌ఏడీ అనే ఐదు సహాయకులున్న పెద్ద కాంప్లెక్స్ కావాలి. ఒకటి నేర్చుకుంటే రెండోది వచ్చినట్టే.

సక్సినేట్ నుంచి ఆక్సలోఅసిటేట్ దాకా చూడండి: ఎఫ్‌ఏడీతో ద్విబంధం, నీరు చేర్చడం, ఎన్‌ఏడీతో కీటోన్. బీటా ఆక్సిడేషన్‌లో మొదటి మూడు మెట్లూ అచ్చం ఇవే, నాలుగోది థయొలేజ్ తెంపడం. రెండింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కనే గీయండి. రెండుచోట్లా మొదటి మెట్టులో ఎఫ్‌ఏడీయే ఎందుకంటే, మామూలు కార్బన్-కార్బన్ బంధాన్ని ద్విబంధం చేయడంలో వచ్చే శక్తి ఎన్‌ఏడీని క్షయకరించడానికి సరిపోదు.

గుర్తుపెట్టిన కార్బన్ ఎక్కడికి పోతుందని అడిగే ప్రశ్నలకు రంగు పెన్సిల్ వాడండి. గ్లూకోజ్‌లో 3, 4 కార్బన్లు పైరువేట్ కార్బాక్సిల్ అవుతాయి, పైరువేట్ డీహైడ్రోజినేజ్ దగ్గరే పోతాయి. 1, 6 కార్బన్లు అసిటైల్ కోఏలో మిథైల్. అసిటైల్‌గా వచ్చిన రెండు కార్బన్లలో ఏదీ టీసీఏ మొదటి తిరుగుడులో పోదు. కార్బొనిల్ కార్బన్ మొత్తం రెండో తిరుగుడులో పోతుంది. మిథైల్ రెండోదాన్లోనూ మిగిలి, మూడోదాన్లో సగం పోతుంది. దీన్ని నమ్మి బట్టీ పట్టకండి, సక్సినేట్ దగ్గర అణువు రెండు వైపులా ఒకేలా ఉండటం వల్ల రంగు రెండుగా చీలుతుందని గుర్తుంచుకుని మూడు తిరుగుళ్లు గీసి చూడండి.

ఏటీపీ లెక్క: 38 రాయాలా, 32 రాయాలా?

ఎన్‌ఏడీహెచ్, ఎఫ్‌ఏడీహెచ్2 ఎలక్ట్రాన్లు మోసే అణువులు. పాత పుస్తకాల్లో ఎన్‌ఏడీహెచ్‌కు 3 ఏటీపీలు, ఎఫ్‌ఏడీహెచ్2కు 2. కొత్తవాటిలో 2.5, 1.5. కొత్త అంకెలు ప్రోటాన్ల లెక్క నుంచి వచ్చాయి. ఒక ఎన్‌ఏడీహెచ్ వల్ల ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ గొలుసులో కాంప్లెక్స్ 1 దగ్గర నాలుగు, 3 దగ్గర నాలుగు, 4 దగ్గర రెండు, మొత్తం 10 ప్రోటాన్లు బయటికి పోతాయి. ఎఫ్‌ఏడీహెచ్2 వల్ల 6. ఫాస్ఫేట్‌ను లోపలికి తెచ్చే ఖర్చుతో కలిపి ఒక ఏటీపీకి సుమారు నాలుగు ప్రోటాన్లు.

గ్లూకోజ్‌కు: మైటోకాండ్రియాలో 8 ఎన్‌ఏడీహెచ్ వల్ల 20, రెండు ఎఫ్‌ఏడీహెచ్2 వల్ల 3, నేరుగా వచ్చినవి 4, మొత్తం 27. సైటోసాల్‌లో పుట్టిన రెండు ఎన్‌ఏడీహెచ్‌లు మైటోకాండ్రియా లోపొరను దాటలేవు. మాలేట్-ఆస్పర్టేట్ షటిల్ ద్వారా ఎలక్ట్రాన్లు చేరితే 5 కలిసి 32, గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్ ద్వారా అయితే 3 కలిసి 30. పాత లెక్కలో ఇవే 38, 36. పామిటేట్‌కు (16 కార్బన్ల కొవ్వు ఆమ్లం) కొత్త లెక్కలో 7 ఎన్‌ఏడీహెచ్ 17.5, 7 ఎఫ్‌ఏడీహెచ్2 10.5, 8 అసిటైల్ కోఏలు 80, ఉత్తేజపరచడానికి రెండు పోగా 106. పాత లెక్కలో 129. పరీక్షలో మొదటి వాక్యంగా "ఎన్‌ఏడీహెచ్‌కు 2.5 చొప్పున తీసుకుంటే" అని రాసి మొదలుపెట్టండి. దిద్దేవారి దగ్గరున్న కీ పాతదైనా మీ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో కనిపిస్తుంది.

రెగ్యులేషన్‌ను జాబితాగా చదవకండి

రెండే ప్రశ్నలు వేసుకోండి. ఈ కణంలో శక్తి ఉందా? ఈ మనిషి తిన్నాడా? మొదటిదానికి సంకేతాలు ఏటీపీ, ఏఎంపీ, సిట్రేట్. పీఎఫ్‌కే-1ను ఏఎంపీ లేపుతుంది, ఏటీపీ, సిట్రేట్ ఆపుతాయి. ఇందులో గుర్తుపెట్టుకోవడానికేమీ లేదు, ఊహించొచ్చు.

రెండోదానికి సంకేతాలు ఇన్సులిన్, గ్లూకగాన్. లివర్‌లో ఒక మంచి సూత్రం: ఉపవాసంలో గ్లూకగాన్ వల్ల సీఏఎంపీ పెరిగి, ఎంజైములకు ఫాస్ఫేట్ తగులుతుంది. ఫాస్ఫేట్ తగిలిన గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్ లేస్తుంది, గ్లైకోజెన్ సింథేజ్, లివర్ పైరువేట్ కైనేజ్ పడుకుంటాయి. ఫ్రక్టోజ్ 2,6-బిస్‌ఫాస్ఫేట్ తగ్గుతుంది, దాంతో పీఎఫ్‌కే-1 నెమ్మదిస్తుంది. ఈ సూత్రాన్ని కండరానికి తగిలించకండి. కండరం మీద గ్లూకగాన్ పనిచేయదు, అక్కడ గ్లూకోజ్ 6-ఫాస్ఫటేజ్ కూడా లేదు కాబట్టి కండరంలోని గ్లైకోజెన్ రక్తంలోకి గ్లూకోజ్‌గా రాదు.

గ్లూకోకైనేజ్, హెక్సోకైనేజ్ తేడాను కూడా ఇలాగే చూడండి. హెక్సోకైనేజ్ కేఎం (సగం వేగం వచ్చే గ్లూకోజ్ గాఢత) సుమారు 0.1 మిల్లీమోలార్, గ్లూకోకైనేజ్‌కు సగం వేగం వచ్చేది 8 నుంచి 10 దగ్గర. పరగడుపున రక్తంలో గ్లూకోజ్ 5 మిల్లీమోలార్, అంటే డెసిలీటరుకు 90 మిల్లీగ్రాములు. హెక్సోకైనేజ్ అప్పటికే నిండిపోయింది. లివర్ మాత్రం భోజనం తర్వాతే గట్టిగా పట్టుకుంటుంది.

చదివింది నిలబడిందో లేదో చూసుకోవడం

ప్రతి పాత్‌వేనూ పుస్తకం మూసి ఖాళీ కాగితం మీద గీయండి. మొదటిరోజు, మర్నాడు, వారానికి, మూడు వారాలకు. 25 నిమిషాలు దాటితే ఆపేయండి. తర్వాత పుస్తకం తెరిచి ఎర్రపెన్నుతో దిద్దండి. తప్పు ఏ రకమో పక్కన రాయండి: నిర్మాణమా, సహాయకమా, లెక్కా, చోటా. నాలుగు కాగితాలు పక్కన పెడితే ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, చదవాల్సింది అదొక్కటే. నోట్సును రంగురంగుల హైలైటర్లతో మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది కానీ పరీక్ష హాల్లో పనికొచ్చేది ఈ ఎర్రపెన్ను కాగితాలే.

తర్వాత అడ్డుకట్ట ప్రశ్నలు. ఎంజైమ్‌ను తీసేసి, దానికి ముందున్నవి పేరుకుంటాయని, తర్వాతవి తగ్గుతాయని ఆలోచించండి. ఎర్రకణంలో పైరువేట్ కైనేజ్ లోపిస్తే పైనున్నవన్నీ పేరుకుని 2,3-బీపీజీ పెరుగుతుంది, హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను సులువుగా వదులుతుంది. హెక్సోకైనేజ్ లోపిస్తే దీనికి తలకిందులు. రక్తపరీక్షలో షుగర్ కోసం తీసే బూడిదరంగు మూత ట్యూబులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, అది ఆపేది ఈనొలేజ్‌ను. ఈనొలేజ్ దిగువన ఉంది, పైనున్న హెక్సోకైనేజ్ కొంతసేపు నడుస్తూనే ఉంటుంది కాబట్టి మొదటి గంటా రెండు గంటల్లో ఆ ట్యూబులో కూడా గ్లూకోజ్ కొంచెం తగ్గుతుంది. ఇంకోటి: మైటోకాండ్రియాకు ఒలిగోమైసిన్ (ఏటీపీ సింథేజ్‌ను ఆపేది) వేస్తే ఆక్సిజన్ వాడకం పడిపోతుంది, ఆపైన డీఎన్‌పీ (ప్రోటాన్లను లోపొర దాటించేది) వేస్తే మళ్లీ లేస్తుంది, ఏటీపీ మాత్రం రాదు. ఒలిగోమైసిన్ బదులు సయనైడ్ వేసి ఉంటే డీఎన్‌పీ ఏమీ చేయలేదు. ఎందుకో రెండు వాక్యాల్లో రాయగలిగితే ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ పాఠం వచ్చినట్టే.

ప్రాక్టికల్స్

ల్యాబ్‌లో ఎక్కువగా వచ్చేది 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీహెచ్ కొలత. 1 సెంటీమీటర్ క్యూవెట్‌లో దాని మోలార్ ఎక్స్‌టింక్షన్ 6220. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ పరీక్షలో నిమిషానికి అబ్జార్బెన్స్ 0.124 తగ్గితే, 0.124 ÷ 6220 అంటే సుమారు 20 మైక్రోమోలార్. క్యూవెట్‌లో 3 మిల్లీలీటర్లుంటే నిమిషానికి 0.06 మైక్రోమోల్. వేసిన ఎంజైమ్ 0.1 మిల్లీలీటర్ అయితే మిల్లీలీటర్‌కు 0.6 యూనిట్లు. చాలామంది చివరి భాగహారంలో 0.1 బదులు 3 వేస్తారు. మొదటి నిమిషంలోనే గీత వంగిపోతే ఎంజైమ్ ఎక్కువైంది, పలచన చేసి మళ్లీ చేయండి.

రెండోది అకర్బన ఫాస్ఫేట్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఈ పద్ధతిని ప్రచురించారు. ఇదే కొలతతో వాళ్లు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో బయటపెట్టారు, 1929లో ఏటీపీని వేరుచేశారు. ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ ఫాస్ఫేట్‌తో కలుస్తుంది, క్షయకరణి దాన్ని నీలం చేస్తుంది, 660 నానోమీటర్ల దగ్గర చదువుతారు. స్టాండర్డ్ కోసం పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.4394 గ్రాములు లీటరు నీళ్లలో కరిగిస్తే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల ఫాస్ఫరస్, దాన్ని పది రెట్లు పలచన చేసి వాడండి. నీలం సమయంతోపాటు ముదురుతూ ఉంటుంది. అందుకే క్షయకరణిని ట్యూబులన్నింటికీ అర నిమిషం తేడాతో వరసగా వేసి, అదే వరసలో, అదే తేడాతో రీడింగ్ తీయాలి. ఫాస్ఫేట్ వేయని బ్లాంక్ కూడా నీలంగా మారితే రియేజెంట్లు పారబోసేముందు ట్యూబులు దేంతో కడిగారో చూడండి. కొన్ని డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ ఉంటుంది, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తొలిపి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగితే బ్లాంక్ తేటపడుతుంది.